నల్లముక్కు అవతలి మంచు

నెలలో మొదటి శుక్రవారం వచ్చిందంటే మా వీధిలో ఎవరూ బట్టలు బయట ఆరెయ్యరు. తడిబట్టలు బుట్టల్లో పెట్టుకుని, ఇష్‌బెల్ ఇంటికి పోస్టాయన వచ్చాడా లేదా అని కిటికీల్లోంచి తొంగి చూస్తుంటారు. ఎడిన్‌బరా నుంచి ఆవిడకి రుచుల పెట్టె వచ్చే రోజది.

చేపలకి పొగబెట్టే కొట్టంలో పని మానేసి ఇష్‌బెల్ ఇంటిపట్టున కూర్చున్నప్పుడు, తల్లికి పొద్దుపోదని గ్లాస్గోలో ఉన్న కూతురు ఊనా ఆ పెట్టెకి చందా కట్టింది. నెలకో అట్టపెట్టె. అందులో బొటనవేలంత సీసాలు ఐదు. విస్కీ కావచ్చు, రమ్ము కావచ్చు, బ్రాందీ కావచ్చు. ఏదైనా సరే, ఒక్కో సీసా ఒక్కో పీపాలోంచి తీసింది.

"కొండ దాటితే విస్కీ బట్టీ ఉన్న ఊళ్ళో కూర్చుని విస్కీ పోస్టులో తెప్పించుకోవడమేమిటే? ఇంకా నయం, సముద్రపు నీళ్ళు కూడా తెప్పించుకోలేదు!" అని పక్కింటి నాన్ ఫ్లెట్ మొదట్లో తెగ వెటకారం చేసింది. ఫిబ్రవరిలో జమైకా రమ్ము వచ్చాక నోరు మూసుకుంది.

పీపాలో పోసిన రోజు ఎండ ఉంటే ఎండ, వాన ఉంటే వాన ఆ మద్యంలో ఉండిపోతుంది. మూత తీస్తే బయటికొస్తుంది. అందుకే సీసా మీద ఊరు పేరూ, పీపా నింపిన తేదీ అచ్చువేసి పంపుతారు. గాలివాన సీసాలకి ఎర్రపట్టీ ఉంటుంది, ఇంట్లో తెరవద్దని. దుకాణంలో దొరికే చౌకరకం విస్కీతో ఈ బాధ లేదు. అందులో ఎక్కడెక్కడి పీపాలనో కలిపేస్తారు. ఎండా వానా అన్నీ కలిసిపోయి, మూత తీస్తే కాస్త మబ్బు పట్టినట్టుంటుంది, అంతే.

ఆ ఫిబ్రవరి సాయంత్రం మాత్రం నేను జన్మలో మరిచిపోను. బయట మెట్ల మీద గడ్డకట్టిన మంచు. లోపల ఇష్‌బెల్ వంటింట్లో జమైకా మిట్టమధ్యాహ్నం. కిటికీ అద్దాలు లోపల్నుంచి చెమటలు కక్కాయి. ఆవిడ మొగుడు వాటీ చొక్కా విప్పేసి, బనీనుతో కూర్చుని, "దేవుడా, నా నడుం నొప్పి పోయింది" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. నాన్ పరుగున వెళ్ళి దుప్పట్లు తెచ్చి కుర్చీల మీద ఆరేసింది. టీ మరిగేలోపల ఆరిపోయాయి. వీధిలో వాళ్ళందరూ వంతులవారీగా వచ్చి ఆ ఎండలో నిలబడి వెళ్ళారు. మాటల్లేవు ఎవరికీ. ఎప్పటిదో, ఎక్కడిదో ఎండ, మన మొహాన పడుతుంటే ఏం మాట్లాడతాం?

ఇంకో నెల నార్మండీ ఆపిల్ బ్రాందీ వచ్చింది. వంటిల్లంతా తడిసిన ఆకుల వాసన, సన్నటి తుంపర. గొడుగు వేసుకుని మరీ చప్పరించారు.

ఇష్‌బెల్ దగ్గర ఈ రుచి చూడటానికి ఓ పద్ధతుంది. పొట్ట లావుగా, మూతి సన్నగా ఉండే గ్లాసులోనే పొయ్యాలి. ముందు వాసన, అదీ ముక్కు గ్లాసులో దూర్చకుండా. తర్వాత నాలిక తడిసేంత. గుటకేస్తే కోప్పడుతుంది. ఆ తర్వాత చెంచా కొసతో రెండే రెండు చుక్కల నీళ్ళు. నీళ్ళు తగిలితే వాసన విచ్చుకుంటుంది, దాంతోపాటు ఆ రోజు కూడా విచ్చుకుంటుంది. చుక్కలతో వంటింటి గోడల దాకా వస్తుంది. ఎక్కువైతే ఇల్లు దాటి పోతుంది. ఓసారి వాటీ చెయ్యి వణికి చెంచాడు నీళ్ళు పడ్డాయి, పై వీధిలో పెళ్ళివాళ్ళు వడగళ్ళలో చిక్కుకున్నారు.

"విస్కీలో నీళ్ళు కుమ్మరించడమంటే దాన్ని చంపడమే. నువ్వు చెంచా ముట్టుకోకు" అని ఆవిడ ఆ రోజు నుంచీ చెంచా తన ఆప్రాన్ జేబులో పెట్టుకుంటుంది.

ఇక ఇష్‌బెల్ ఎదురింటి మాగ్నస్ గెడెస్ సంగతి చెప్పాలి.

మా ఊరు స్కార్‌హేవెన్‌లో సగం మంది ఇంటిపేరు గెడెస్సే. అందుకని ఇంటికో మారుపేరు ఉంటుంది. ఓటర్ల జాబితాలోనూ అదే, సమాధి రాయి మీదా అదే. పడవల గెడెస్, బూట్ల గెడెస్, ఎర్రజుట్టు గెడెస్, ఇలా. మాగ్నస్‌కి ఊరు పెట్టిన మారుపేరు 'మంచు'. మంచు గెడెస్. వినడానికి బాగానే ఉంటుంది. అది తిట్టు.

ముప్పయ్యేళ్ళ కిందట మాట. మాగ్నస్‌కి సొంత పడవ ఉండేది. ఇష్‌బెల్ తమ్ముడు డేవీ అందులో పనివాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. మే పదిహేడున వేటకి వెళ్ళి వస్తూ, ఊరికి తూర్పున సముద్రంలోకి పొడుచుకొచ్చిన నల్లముక్కు కొండ కింద రాళ్ళకి కొట్టుకుని పడవ ముక్కలైంది. డేవీ పోయాడు. మాగ్నస్‌ని సాయంత్రం రాళ్ళ మీంచి దింపి తెచ్చారు. ముక్కు దాటబోతుంటే సముద్రం మీంచి పొగమంచు గోడలా దిగింది, చెయ్యి చాపితే చెయ్యి కనపడలేదు అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? ఆ రోజు ఊరి మీద తెల్లగా ఎండ కాసింది. ఉదయం నుంచీ దుప్పట్లు ఆరేసుకున్నానని, మధ్యాహ్నానికే పెళపెళలాడాయని విచారణలో నాన్ ప్రమాణం చేసి చెప్పింది. కొండకి అవతలి పక్క ఉన్నదల్లా విస్కీ బట్టీ ఒక్కటే. అక్కడ పీపాలు నింపే కొట్టానికి కిటికీల్లేవు. లోపల పనిచేసినవాళ్ళు సాయంత్రం తలుపు తీసేసరికి వాళ్ళకీ ఎండే కనపడింది.

నిద్రపోయాడన్నారు. తాగాడన్నారు. మాగ్నస్ మళ్ళీ పడవెక్కలేదు, చుక్క ముట్టలేదు. రేవు వైపే వెళ్ళలేదు. ఇష్‌బెల్ ఆయన మొహం చూడలేదు. ఎదురెదురు తలుపులు, మధ్యలో చిన్న సందు. పొద్దున్నే ఇద్దరూ పాలసీసాలు తీసుకోవడానికి తలుపులు తీసేవారు. ఆవిడ కళ్ళు నేల మీద ఉండేవి, ఆయన కళ్ళూ నేల మీద ఉండేవి. మాగ్నస్‌కి పెళ్ళి కాలేదు. ఆ పేరున్నవాడికి పిల్లనెవరిస్తారు?

కిందటి అక్టోబరులో ఆయన ఇల్లు ఖాళీ చేస్తున్నాడని తెలిసింది. తీరానికి దూరాన ఉన్న పెర్త్‌లో ముసలివాళ్ళ కోసం కట్టిన ఇళ్ళలో ఓ గది తీసుకున్నాడట. అక్కడికి సముద్రం కనపడదు, వినపడదు. వ్యాను మొదటి శుక్రవారమే వచ్చింది. ఎల్గిన్ నుంచి వచ్చిన డ్రైవరు మంచం ఎక్కిస్తున్నాడు, బీరువా ఎక్కిస్తున్నాడు. వీధిలో ఒక్కరూ తలుపు తీసి, 'పోయిరా' అనలేదు.

ఇవతల పోస్టాయన పెట్టె ఇచ్చి వెళ్ళాడు.

వాటీ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో సీసా బయటికి తీసి పేర్లు చదువుతున్నాడు. మూడోది చదవబోయి ఆగిపోయాడు. గబుక్కున చొక్కా జేబులో వేసుకోబోయాడు.

"ఏమిటది?" అంది ఇష్‌బెల్.

"ఏం లేదు."

"వాటీ, నీకు అబద్ధం చెప్పడం పెళ్ళినాటి నుంచీ రాదు. ఇలా తే."

ఆవిడ చదివింది. నల్లముక్కు బట్టీ. మే పదిహేడు. సంవత్సరం కూడా అదే. ఇన్నేళ్ళలో ఆ బట్టీ పీపాలన్నీ చౌకరకం విస్కీల్లో కలిసిపోయేవి. ఆ ఒక్కటీ ఎవరి కంటా పడకుండా కొట్టంలో మిగిలిపోయిందన్నమాట.

"వెనక్కి పంపించేద్దాం ఇష్‌బెల్" అన్నాడు వాటీ మెల్లగా. "ఊనాకి చెబితే మారుస్తారు."

"ఎందుకు పంపాలి? నా తమ్ముడు చూసిన ఆఖరి ఎండ అది. నేనూ చూస్తాను." ఆవిడ సీసాని బల్ల మీద నిలబెట్టింది. "చూసి, ఆ గ్లాసు తీసుకెళ్ళి ఎదురింటాయన మొహం ముందు పెడతాను. ఇదిగో నీ మంచు అని చూపించి మరీ సాగనంపుతాను. ఊరు వదిలి పారిపోతే సరిపోతుందనుకున్నాడా?"

సరిగ్గా అప్పుడే నాన్ బుట్టతో లోపలికొచ్చింది. "ఏమొచ్చిందే ఈసారి? ఎండేనా?" అని సీసా అందుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఓస్, మే పదిహేడా! నాకు గుర్తులేదూ, నా దుప్పట్లు..." అని అంటూ అంటూ మాట మింగేసింది. బుట్ట కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇష్‌బెల్ మూత తీసి గ్లాసులో పోసింది. ముదురు బంగారం రంగు. బాగా పండిన బేరిపండు వాసన, తేనెమైనం వాసన. ముగ్గురూ కళ్ళు చికిలించి ఎండ కోసం చూస్తున్నారు.

ఎండ రాలేదు.

గ్లాసు లోపలి అంచు మసకబారింది. తర్వాత తెల్లటిదేదో నెమ్మదిగా పైకి లేచి, గ్లాసు మూతి దాటి, బల్ల మీదికి జారింది. వెన్నగిన్నె కనపడకుండా పోయింది. తర్వాత రొట్టె పోయింది. చల్లగా ఉంది, వేళ్ళ కణుపులు పీకేంత చల్లగా. ఉప్పు వాసన. అది సముద్రపు మంచు. మా తీరంలో పుట్టినవాళ్ళెవరూ దాన్ని ఇంకోటనుకోరు.

ఇష్‌బెల్ జేబులోంచి చెంచా తీసి రెండు చుక్కల నీళ్ళు వేసింది. మంచు లేచి నిలబడి గోడల దాకా వెళ్ళింది. పొయ్యి పోయింది, కిటికీ పోయింది. నాన్ తన చెయ్యి మొహం ముందు పెట్టుకుంది. కనపడలేదు.

"తేదీ తప్పు పడింది" అంది నాన్, ఎక్కడినుంచో. "ఇది ఆ రోజు కాదు. ప్రమాణం చేసి చెప్పాను నేను."

"సీసాలో ఉన్నది అబద్ధమాడదు నాన్" అన్నాడు వాటీ.

"మరి నా దుప్పట్లు?"

"నీ దుప్పట్లు ముక్కుకి ఇవతల ఆరాయి. ఈ పీపా ముక్కుకి అవతల నిండింది."

మొహం కనపడకపోయినా నాన్ ఏడుస్తోందని మాత్రం తెలుస్తోంది. ఆ మంచు మొహాలకి తగులుతోంది, మెడల్లోకి దిగుతోంది. డేవీ మొహానికి తగిలిన మంచే అది. మాగ్నస్ కళ్ళు మూసేసిన మంచే. ముప్పయ్యేళ్ళు ఓ చెక్కపీపాలో కూర్చుని, ఎవరూ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా, ఇప్పుడొచ్చి ఇష్‌బెల్ వంటింట్లో నిలబడింది. చర్చిలో కూడా ఎప్పుడూ అంత భయం, అంత భక్తి కలగలేదని ఇష్‌బెల్ తర్వాత చెప్పింది.

బయట వ్యాను తలుపు ధడేల్మని పడింది.

ఇష్‌బెల్ తడుముకుంటూ లేచింది. బల్ల మీద నీళ్ళ కూజా నిండుగా ఉంది. గ్లాసు ఎత్తి, ఆ విస్కీ మొత్తం కూజాలో వంచేసింది.

"అయ్యయ్యో! ముప్పయ్యేళ్ళదే! ఒక్క గుక్కయినా..." అన్నాడు వాటీ.

"నోర్ముయ్" అంది ఇష్‌బెల్. కూజా రెండు చేతులా పట్టుకుని, గోడకి భుజం రాసుకుంటూ వీధి తలుపు దాకా వెళ్ళి, తలుపు బార్లా తెరిచి, కూజాని గడప మీద పెట్టింది.

ఇంక చూడండి. ఆ కూజాలోంచి లేచిన మంచు సందులోకి పడి, సందు నిండి, వీధిలోకి పొర్లింది. ఇంటి కప్పులు పోయాయి, పొగగొట్టాలు పోయాయి. చర్చి గోపురం మధ్యకి మునిగి, ఆనక మొత్తం మునిగిపోయింది. రేవులో కట్టేసిన పడవలు ఒకదాని తర్వాత ఒకటి కరిగిపోయినట్టు మాయమయ్యాయి. సముద్రపు కాకుల అరుపులు ఆగిపోయాయి. రేవులో వలలు బాగుచేసుకుంటున్న ముసలివాళ్ళు లేచి నిలబడి టోపీలు తీసేశారు. అందులో ఒకాయన, "నల్లముక్కు మంచు" అన్నాడు. పక్కాయన అవునన్నాడు. ఇవాళ ఇష్‌బెల్‌కి ఏ రోజు సీసా వచ్చిందో, పెట్టె మీద అతికించిన జాబితా చూసి పోస్టాయన అప్పటికే ఊరంతా చెప్పేశాడు. కాబట్టి ఎవరికీ ఏదీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

వ్యాను ఇంజను మొదలైంది, ఆగింది. డ్రైవరు దీపాలు వేశాడు. ఆ పసుపు వెలుతురు చక్రాల దాకా కూడా రాలేదు.

"పెద్దాయనా, నేను బండి పోనివ్వలేను" అన్నాడు డ్రైవరు. "ముందేముందో కనపడట్లేదు. గోడకి కొడతాను. మీరే చెప్పండి, ఇందులో బండి నడిపేవాడెవడు?"

ఆఖర్న ఎక్కించడానికి ఉంచిన కుర్చీ ఒకటి గుమ్మం పక్కనే ఉంది. మాగ్నస్ దాన్ని తడిమి కూర్చున్నాడు. రెండు చేతులూ ముందుకి చాపాడు. వేళ్ళు కనపడలేదు. "ఇదే" అన్నాడు. "ఇదే. ఇదే." డెబ్బయ్యేళ్ళ మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇష్‌బెల్ ఆ ఏడుపు వింటూ సందు దాటింది. చిన్న సందే, ముప్పయ్యేళ్ళుగా దాటనిది. మధ్యలో దారి తప్పి వ్యానుకి గుద్దుకుంది, డ్రైవరుని తిట్టింది, మళ్ళీ వెతుక్కుంది. చివరికి చేతికి కుర్చీ వీపు తగిలింది.

"మాగ్నస్."

"ఎవరు?"

"నేను. ఇష్‌బెల్ని."

ఏడుపు ఆగిపోయింది.

"వాడెక్కడున్నాడు?" అంది ఆవిడ. "మంచు దిగినప్పుడు మా డేవీ ఎక్కడున్నాడు? ఎప్పుడూ చెప్పలేదేం నాకు?"

"నువ్వెప్పుడడిగావు?"

"ఇప్పుడడుగుతున్నా."

మాగ్నస్ గొంతు సవరించుకున్నాడు. "పడవ ముందు కొసన. నేనే వెళ్ళమన్నాను, రాళ్ళు కనపడితే అరవమని. చేతిలో కూరగిన్నె, గరిటె పట్టుకెళ్ళాడు. ఆగకుండా వాయించాడు, ఒడ్డున ఎవరైనా వింటారని. నాకు మనిషి కనపడలేదు, ఆ చప్పుడే. భయపడ్డాడనుకోకు. మధ్యమధ్యలో నన్ను తిడుతున్నాడు. పెళ్ళిళ్ళ బాండ్‌మేళంలో చేరాల్సింది, పొరపాటున నీ పడవెక్కానురా అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత రాయి."

ఇష్‌బెల్ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కుర్చీ పట్టుకుని వంగిపోయింది. తమ్ముడి మాట అది, వాడే అనగల మాట. ఇన్నేళ్ళుగా వాడు చచ్చిపోవడం ఒక్కటే ఆవిడకి తెలుసు. ఇప్పుడు వాడు నవ్వాడని తెలిసింది.

"నేను వాణ్ణి ఇంటికి తేలేకపోయాను ఇష్‌బెల్."

"నీ తప్పు కాదు."

"తేలేకపోయాను కదా."

చుట్టూ అడుగుల చప్పుడు. గోడలు తడుముకుంటూ జనం వస్తున్నారు. ఎవరెవరో కనపడట్లేదు. ఎవరో వచ్చి మాగ్నస్ భుజం తడిమి, పక్కన నిలబడ్డారు. మరొకరు. తడి దుప్పటి వాసనతో ఇంకొకరొచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడ్డారు. నాన్ కాక ఇంకెవరు?

"పెద్దాయనా," అన్నాడు డ్రైవరు, పాపం, ఎటు తిరిగి మాట్లాడాలో తెలియక. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

మాగ్నస్ బదులు ఇష్‌బెల్ చెప్పింది. "మంచు విడిచాక సామానంతా కిందికి దించెయ్. బీరువా జాగ్రత్త. వాళ్ళమ్మది." మాగ్నస్ కాదనలేదు. డ్రైవరు కాసేపు ఆగి చూసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఇష్‌బెల్ వెనక్కి తిరిగింది. తన ఇల్లు ఎటుందో తెలియలేదు. అక్కడే పుట్టి పెరిగింది, కళ్ళు మూసుకుని నడిచే సందు. ఒకడుగు వేసి ఆగిపోయింది. ఆ క్షణంలో, ఆ తెల్లదనంలో ఒంటరిగా నిలబడి, తమ్ముడున్న పడవ నడిపినవాడికి ఏం కనపడిందో పూర్తిగా చూసింది.

"మాగ్నస్, నాకు దారి తెలియట్లేదు" అంది. "నన్ను ఇంటికి తీసుకెళ్ళు."

"నేనా?"

"నువ్వే. నీతోనే వస్తాను."

కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి ఆవిడ చెయ్యి వెతికి పట్టుకుని, తన మోచేతి మీద వేసుకున్నాడు. ఒకడుగు వేసి ఆగాడు, గాలి ఎటు వీస్తోందో మొహంతో చూసుకున్నట్టు. తర్వాత నడిచాడు. మెల్లగా, ఇక్కడ రాయి లేచుంది, కాలు ఎత్తి వెయ్యి, అని చెబుతూ నడిచాడు. ఆవిడ ఏమీ అడగకుండా వెంట నడిచింది. గడప కాలికి తగిలింది.

"వచ్చేశాం" అన్నాడు మాగ్నస్.

"లోపలికి రా" అంది ఇష్‌బెల్. ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.